ఎక్స్‌ఓ-1 లాప్‌టాప్: తెరకు నూటికి నూరు, మెమరీ దగ్గరే చిక్కు

ఎక్స్‌ఓ-1 అంటే పేద దేశాల బడిపిల్లల కోసం 'వన్ లాప్‌టాప్ పర్ చైల్డ్' సంస్థ చేయించిన చిన్న లాప్‌టాప్. "వంద డాలర్ల లాప్‌టాప్" అని పేరు పడ్డా, 2007 నవంబరులో తయారీ మొదలయ్యేసరికి దీని ధర 188 డాలర్ల దాకా వెళ్లింది. ఆ ధరకు ఇంత గట్టి యంత్రం అప్పట్లో మరొకటి లేదు. పాత ఎక్స్‌ఓలు విరాళంగా వస్తున్నాయంటే బడులు ఇంకా ఆశపడుతుంటాయి కాబట్టి, తీసుకునే ముందు ఏది మన్నుతుందో, ఏది ముందు పాడవుతుందో తెలుసుకోవాలి.

ముందుగా తెర గురించి చెప్పాలి. 7.5 అంగుళాలది. బ్యాక్‌లైట్ (తెర వెనక లైటు) ఆపేసి ఎండలో పెడితే 1200×900 పిక్సెళ్ల నలుపు-తెలుపు తెరగా మారి, అచ్చు పుస్తకంలా చదవనిస్తుంది. చెట్టు కింద పాఠం జరిగే చోట ఈ ఒక్క గుణం మిగతా లోపాలన్నిటినీ మరిపిస్తుంది. బ్యాక్‌లైట్ ఆపితే కరెంటు కూడా ఆదా.

బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. 2000 సార్లు ఛార్జింగ్‌కు తట్టుకునేలా చేశారు, వేడికీ భయపడదు. అయితే పూర్తిగా ఖాళీ చేసి వేసవి సెలవులంతా బీరువాలో పడేస్తే మళ్లీ ఛార్జింగ్ ఎక్కకపోవచ్చు. సగం ఛార్జితో దాచండి. 11 నుంచి 18 వోల్టుల డీసీ ఏదిచ్చినా తీసుకుంటుంది కనుక 12 వోల్టుల బ్యాటరీ మీద నేరుగా నడుస్తుంది. అసలు లెక్క తరగతి మొత్తానిది: ఒక్కోటి 15 వాట్లు లాగుతుందనుకున్నా 30 యంత్రాలకు 450 వాట్లు. ఒకే ప్లగ్ పాయింటు ఉన్న గదిలో అన్నీ ఒకేసారి పెట్టే మాట మరచిపోండి. విడతలుగా పెట్టాలి.

ఇక పాడయ్యేవి. దుమ్మూ నీళ్లూ లోపలికి పోకుండా కీబోర్డును ఒకే రబ్బరు పొరతో మూశారు. అది మంచిదే కానీ, పిల్లలు అంచులు గిల్లితే చిరుగుతుంది. తొలి యంత్రాల్లో కంట్రోల్, షిఫ్ట్ కీలు నొక్కినట్టే ఉండిపోయేవి. అలాంటిదానికి కీబోర్డు మార్చడమే మందు. చెమట వేళ్లు తగిలితే టచ్‌ప్యాడ్ బాణం ఇష్టం వచ్చినట్టు గెంతుతుంది. ప్యాడ్ మీంచి వేలు తీసి, కీబోర్డు నాలుగు మూలల కీలూ ఒకేసారి నొక్కితే తిరిగి సర్దుకుంటుంది. టీచర్లకు మొదటి రోజే నేర్పాల్సిన సంగతి ఇదే.

విప్పడానికి మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. అదనంగా నాలుగు స్క్రూలు హ్యాండిల్ లోపలే పెట్టి ఉంచారు. బాగుచేసేవాడి గురించి ఆలోచించి రూపొందించిన యంత్రమిది, అందుకే దీనిమీద ఇంత గౌరవం. తెర వెనక లైటు పోతే తెర మొత్తం మార్చక్కర్లేదు, ఎల్ఈడీలు మారిస్తే సరిపోతుంది.

433 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 1 జీబీ ఫ్లాష్ (ఫైళ్లు దాచుకునే చోటు): అసలు గోడు ఇక్కడే. పిల్లలు తీసిన ఫొటోలు, వీడియోలతో ఫ్లాష్ నిండితే యంత్రం మొదలవడమే మానేస్తుంది. అప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి, తెర పక్కన ఉన్న నాలుగు గేమ్ బటన్లూ నొక్కిపట్టి ఆన్ చేయాలి. లోపలున్న పిల్లల పని మొత్తం పోతుంది, కాబట్టి నెలకోసారి బయటికి తీసి దాచాలి. నేటి వెబ్‌సైట్ల జోలికి పోవద్దు. రాత, బొమ్మలు, మొదటి ప్రోగ్రామింగ్ పాఠాలు, ఆఫ్‌లైన్ పుస్తకాలకు సరిపోతుంది. ఎంచుకునే వీలుంటే 1 జీబీ ర్యామ్ ఉన్న తర్వాతి మోడల్ ఎక్స్‌ఓ-1.5 అడగండి. అందులో నిల్వ మైక్రో ఎస్‌డీ కార్డు మీద ఉంటుంది, చెడితే మార్చుకోవచ్చు.

యంత్రం ఇస్తే సరిపోదు. పెరూ దేశం ఈ లాప్‌టాప్‌లు 8 లక్షలకు పైగా పంచింది. అక్కడి 319 బడుల్లో జరిగిన అధ్యయనం 2012లో వచ్చింది. లెక్కల్లో, భాషలో మెరుగుదల కనబడలేదు. చాలా బడుల్లో ఇంటర్నెట్టే లేదు. ఉరుగ్వే 2009కల్లా ప్రభుత్వ ప్రాథమిక బడుల పిల్లలందరికీ ఇచ్చింది, దాంతోపాటు బడులకు ఇంటర్నెట్, రిపేరు ఏర్పాట్లు కూడా చేసింది. యంత్రం రెండు చోట్లా అదే, చుట్టూ ఉన్న ఏర్పాట్లే వేరు. మీరు తీసుకునేటప్పుడు కూడా విడిభాగాల కోసం కొన్ని పాత యంత్రాలు అదనంగా అడగండి.

పెట్టె విప్పగానే తేదీ చూడండి. మదర్‌బోర్డు మీద ఉన్న సీఆర్2032 బటన్ సెల్ పట్టు వదిలితే తేదీ చెదిరిపోతుంది. దొంగతనం జరగకుండా సాఫ్ట్‌వేర్ తాళం వేసిన యంత్రమైతే, తేదీ తప్పితే అసలు తెరుచుకోదు. అలాంటివి తాళం తీయించి ఇస్తేనే తీసుకోండి.