మడమ మీద పులిపిరి: యాసిడ్ సీసానా, లేజరా?

ముందు పేరు దగ్గరి చిక్కు తీసేద్దాం. మన వైపు మెడ మీద మెత్తగా వేలాడేదాన్నీ పులిపిరే అంటాం, వేళ్ళకీ అరికాళ్ళకీ గరుగ్గా లేచేదాన్నీ పులిపిరే అంటాం. పాతకాలంలో గుర్రపు వెంట్రుకతో ముడేసి ఊడగొట్టేవాళ్ళే, అది మొదటి రకం, దాంతో మనకి పని లేదు. రెండోది హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది. వరి గట్ల మీదా రొయ్యల చెరువుల దగ్గరా పొద్దస్తమానం తడిలో నానే కాళ్ళకి సన్న గీత ఉంటే చాలు, దూరిపోతుంది.

నాకు మడమ పక్కన లేచింది. రావులపాలెంలో మందుల షాపాయన ఒక్క చూపు చూసి "ఆనెకాయండీ, కార్న్ క్యాప్ వేసేయండి" అన్నాడు. ఆనెకాయని పైనుంచి నొక్కితే నొప్పి, పులిపిరిని రెండు పక్కలా పట్టి నొక్కితే ప్రాణం లేచిపోతుంది, నాది రెండో బాపతు. పైపొర కాస్త గీకితే లోపల ఆవగింజల్లా నల్లచుక్కలు కనపడ్డాయి, అవి గడ్డకట్టిన సన్న రక్తనాళాలు. తమాషా ఏంటంటే కార్న్ క్యాప్‌లో ఉండేదీ సాలిసిలిక్ యాసిడే, 40 శాతం. రోగం తప్పు చెప్పినా మందు మాత్రం దగ్గర్లోదే ఇచ్చాడు పాపం.

తర్వాత చర్మం డాక్టరు గారు రాసింది అదే యాసిడ్ ఉన్న సీసా మందు. పడుకునే ముందు అయిదు నిమిషాలు వేణ్ణీళ్ళలో కాలు నానబెట్టాలి, తెల్లగా ఉబ్బిన పొరని రాయితో రుద్దాలి (ఆ రాయి ఇంకెవరూ వాడకూడదు), చుట్టూ మంచి చర్మానికి వాజిలిన్ రాసి, మధ్యలో చుక్క వెయ్యాలి. ఆరగానే పల్చటి పొర కట్టేస్తుంది, గోళ్ళరంగు లాంటి వాసన. ఇలా రోజూ, పన్నెండు వారాల దాకా. మానేసేవాళ్ళంతా నాలుగో వారంలోనే మానేస్తారు, నేనూ మానేశాను ఒకసారి.

అప్పుడే హైదరాబాద్ నుంచి మా బావమరిది ఫోను. వాడికి గోళ్ళ చుట్టూ ఉన్నాయి. "బావగారూ, ఇంకా ఆ సీసా పట్టుకునే కూర్చున్నారా, లేజర్‌కి వచ్చెయ్యండి, ఒక్క సిట్టింగే" అన్నాడు. ఏ లేజర్‌రా అంటే తెలీదన్నాడు.

అసలు అడగాల్సింది అదే, ఎందుకంటే ఆ ఒక్క పేరు కింద వేరువేరు పనులు నడుస్తున్నాయి. కార్బన్ డయాక్సైడ్ లేజర్ చర్మంలోని నీటిని ఆవిరి చేసి కండని కాల్చేస్తుంది, మత్తు సూది వేస్తారు, తర్వాత పుండు మానాలి, మచ్చ పడొచ్చు, ఆ పొగలో వైరస్ ఆనవాళ్ళు ఉంటాయి కాబట్టి పొగ లాగే మిషను ఉండాలి. పల్స్‌డ్ డై లేజర్ అలా కాదు, 585 లేదా 595 నానోమీటర్ల పసుపు కాంతి, నేను చెప్పిన ఆ నల్లచుక్కల రక్తనాళాల్లోని హిమోగ్లోబిన్ దాన్ని పీల్చుకుని వేడెక్కుతుంది, పులిపిరికి రక్తం అందే దారి మూసుకుపోతుంది. కోత లేదు, రబ్బరు బ్యాండుతో కొట్టినట్టు చురుక్కుమంటుంది. కానీ కొన్ని వారాల ఎడంతో మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి, మన చామనఛాయకి రంగు మారే అవకాశం ఉంది, మిషను ఖరీదైంది. ఇక మూడోది ఫోటోడైనమిక్, దీనిలో లేజరే అక్కర్లేదు: పులిపిరిని పల్చగా చెక్కి, ఏఎల్ఏ మందు పూసి, కొన్ని గంటలు కప్పి ఉంచి, ఎర్రటి కాంతి పెడతారు, మందు ఎక్కిన కణాలు ఆ వెలుగుకి చచ్చిపోతాయి. మచ్చ తక్కువే గానీ లైటు కింద భగభగ మంట, పైగా రెండు రోజులు ఆ చోటుకి ఎండ తగలకూడదు. మే నెలలో కోనసీమలో చెయ్యి ఎండలో పెట్టకుండా ఎవడి పని జరుగుతుంది చెప్పండి?

మధ్యలో ఇంకోటుంది, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనితో గడ్డకట్టించడం. రెండు మూడు వారాలకోసారి, నీటిపొక్కు లేస్తుంది, తెల్లమచ్చ మిగలొచ్చు. 2012లో కోక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థ వాళ్ళు పాత పరీక్షలన్నీ కలిపి చూస్తే, ఉత్తుత్తి మందు రాసినవాళ్ళ కంటే మెరుగని తేలింది ఈ సాలిసిలిక్ యాసిడే, గడ్డకట్టించడం దానికంటే మేలని తేలలేదు.

అందుకే నా లెక్క ఇది. అరికాలికి, చేతివేళ్ళకి ముందు సీసా మందే, పన్నెండు వారాలు నిజంగా రాసి చూడాలి. దానికీ, నత్రజనికీ లొంగకపోతే అప్పుడు లైటు. పిల్లలకైతే అంత టెన్షన్ అక్కర్లేదు, చాలామందికి రెండేళ్ళలో వాటంతటవే రాలిపోతాయి. ముఖం మీదా మర్మాంగాల దగ్గరా యాసిడ్ ముట్టించొద్దు. షుగర్ ఉన్నవాళ్ళయితే కాలికి సొంతంగా ఏదీ రాయొద్దు, పుండు పడితే పులిపిరే నయమనిపిస్తుంది. మా అమ్మ చెప్పిన సున్నం, చాకలిసోడా జోలికీ పోకండి, అది కాల్చేది పులిపిరినొక్కదాన్నే కాదు.

నాకు పదో వారంలో నల్లచుక్కలు పోయి, వేలిముద్రల గీతల్లాంటివి మడమ మీద మళ్ళీ కనపడ్డాయి. బావమరిదికి వచ్చే నెల నాలుగో సిట్టింగట.