ముంపు ఒడ్డున నిలిచిన మేడ: హాంబుల్టన్ హాల్‌లో ఒక మధ్యాహ్నం

మా నాయన పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. నందికొట్కూరు వైపు కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం డ్యాం నిండినప్పుడు మునిగిపోయింది. అందుకే పోయిన సెప్టెంబరులో అమ్మ, నాయన ఇంగ్లండ్‌లోని లెస్టర్‌కి నా దగ్గరికి వచ్చినప్పుడు, వాళ్ల నలభయ్యో పెళ్లిరోజుకి ఎక్కడికి తీసుకెళ్లాలా అని ఎక్కువ వెతకలేదు. పక్క జిల్లా రట్లండ్‌లో చెరువు ఒడ్డున హాంబుల్టన్ హాల్ అని ఒక పాత మేడ ఉంది, ఇప్పుడది హోటల్. ఆ మేడ కథ చదివినప్పటి నుంచీ నాయనకి చూపించాలని నా మనసులో ఉండేది.

లెస్టర్ నుంచి ఓకమ్‌కి నేరుగా రైలుంది, అరగంట ప్రయాణం. ఓకమ్ నుంచి హాంబుల్టన్ మూడు మైళ్లు. నీళ్లలోకి నాలుకలా చొచ్చుకుపోయిన గట్టు మీద ఊరు, ఊళ్లోకి వెళ్లడానికి ఒకటే దారి. ఆ గట్టు ఒకప్పుడు మామూలు కొండ. చుట్టూ పొలాలు, కింద లోయలో గ్వాష్ అనే చిన్న వాగు. 1881లో వాల్టర్ మార్షల్ అనే బీరు వ్యాపారి ఆ కొండ మీద ఈ ఇల్లు కట్టుకున్నాడు. కాపురానికి కాదు, చలికాలంలో గుర్రాలెక్కి నక్కల వేటకి పోవడానికి. ఆ జిల్లాల్లో డబ్బున్నవాళ్లు అప్పట్లో అలా వేట ఇళ్లు కట్టుకునేవాళ్లు. వాకిలి పైన పాత ఫ్రెంచిలో ఒక మాట చెక్కి ఉంది. 'నీకు ఎలా నచ్చితే అలా ఉండు' అని దాని అర్థం. అమ్మ ఆ రాయి కింద నిలబడి ఫోటో తీయించుకుంది.

1899లో ఇల్లు మార్షల్ చెల్లెలు ఈవా ఆస్ట్లీ కూపర్ చేతికొచ్చింది. నాకు ఈ ఇంటి చరిత్రలో అందరికంటే ఇష్టమైన మనిషి ఆమే. వేటగాళ్ల ఇంటిని కళాకారుల ఇల్లుగా మార్చేసింది. తర్వాత పెద్ద నాటకకర్త అయిన నోయెల్ కవర్డ్ పదిహేనేళ్ల పిల్లాడిగా ఇక్కడికొచ్చాడు. ఈ ఇంట్లో మాటలు, మర్యాదలు, మాటకు మాట అనుకునే తీరు చూసి పెరిగాడు. సంగీత దర్శకుడు మాల్కం సార్జెంట్ కూడా వచ్చేవాడు. ఇప్పుడు భోజనానికి ముందు కూర్చోబెట్టే హాల్లో, పొయ్యి దగ్గర కూర్చుని ఇవన్నీ అమ్మకి చెబుతుంటే, "అయితే ఆమె ఇంట్లో ఎప్పుడూ ఇస్తరాకు తీసే పని ఉండేది కాదన్నమాట" అంది అమ్మ. మా అమ్మమ్మ ఇల్లూ అంతే, వచ్చేపోయే జనంతో ఎప్పుడూ నిండుగా ఉండేది.

ఇక నీళ్ల కథ. ఇక్కడి పట్టణాల దాహం తీర్చడానికి 1970లో పార్లమెంటు చట్టం చేసింది. ఎంపింగమ్ దగ్గర మట్టికట్ట వేశారు. 1970ల్లో లోయ నిండింది. కింది హాంబుల్టన్ మొత్తం మునిగింది, నడిమి హాంబుల్టన్‌లో చాలా ఇళ్లు పోయాయి. కొండ మీద ఉన్న పై హాంబుల్టన్ ఒక్కటే మిగిలింది. వేటగాడు గుర్రం మీద దిగిపోయిన వాలు ఇప్పుడు నీళ్ల అడుగున ఉంది. ఈ మేడ మాత్రం ఉన్నచోటే ఉండి, ఒక్క ఇటుక కదలకుండా, సరస్సు ఒడ్డున ఇల్లయింది.

తోట మెట్ల దగ్గర నాయన చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఆయన అడిగిన మొదటి మాట, "ఎన్ని టీఎంసీలు పాపా?" నేను ముందే లెక్క చూసి పెట్టుకున్నాను: 12.4 కోట్ల ఘనపు మీటర్లు, అంటే 4.4 టీఎంసీలకి దగ్గర. "అంతేనా!" అన్నాడు. శ్రీశైలం కట్టినప్పుడు 308. గ్వాష్ వాగు నీళ్లు దీన్ని నింపడానికి చాలవని, నీన్, వెలండ్ నదుల నుంచి మోటార్లు పెట్టి తోడిపోస్తారని చెబితే ఇంకా ఆశ్చర్యపోయాడు. "తోడిపోసిన నీళ్లకి కూడా ఊళ్లు పోవాల్సిందేనా" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆయన కళ్లు నీళ్ల మీద దేన్నో వెతుకుతున్నాయి. ఊరు ఏ వైపున ఉండేదో అడిగాడు, దక్షిణంగా కింద అని చూపించాను.

నీళ్లొచ్చిన కొద్దికాలానికే, 1979లో, టిమ్ హార్ట్, స్టెఫా హార్ట్ దంపతులు ఈ ఇల్లు కొన్నారు. మరుసటి ఏడు హోటల్‌గా తెరిచారు. ఆ రోజుల్లో ఇంగ్లండ్ పల్లెల్లో ఇలాంటి పెద్ద ఇళ్లని నడపలేక జనం వదిలించుకుంటున్నారు. వీళ్లు మాత్రం పదిహేడు గదులకే ఆగి, వంటింటి మీద దృష్టి పెట్టారు. 1982లో మిషెలిన్ స్టార్ (మంచి వంటకి హోటళ్లకిచ్చే పెద్ద గుర్తింపు) వచ్చింది, అప్పటి నుంచి ఒక్క ఏడూ పోలేదు. షెఫ్ ఆరన్ ప్యాటర్సన్ కుర్రాడిగా ఇక్కడే పని నేర్చుకుని బయటికెళ్లి, 1992లో వంటింటి పెద్దగా తిరిగొచ్చాడు. ఇక్కడ తిండి బాగుండటానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదేనని నా నమ్మకం. యజమాని మారలేదు, వంటాయన మారలేదు. మూడేళ్లకోసారి చేతులు మారే హోటళ్లలో నేను తిన్నాను. పళ్లెం అందంగా ఉంటుంది, కానీ ఎవరి చేతి వంటో తెలియదు. ఇక్కడ తెలుస్తుంది.

మేము మధ్యాహ్న భోజనానికి వెళ్లాం. రాత్రి కంటే ఖర్చు తక్కువ. పైగా రాత్రయితే నీళ్లు కనబడవు, ఇంత దూరం వచ్చింది అందుకే కదా. బుక్ చేసేటప్పుడు రెండు విషయాలు చెప్పాను: కిటికీ పక్కన బల్ల కావాలి, అమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ఈ దేశంలో 'వెజిటేరియన్' అంటే గుడ్డు ఉంటుంది, ఆ సంగతి విడిగా చెప్పి తీరాలి. వడ్డించే అమ్మాయి ప్రతి పళ్లెం పెట్టేటప్పుడు అమ్మ వైపు వంగి, ఇందులో గుడ్డు లేదండీ అని నెమ్మదిగా చెప్పేది. అమ్మకి ఇంగ్లీషు అంతగా రాదు. కానీ మూడోసారికి ఆ మాట గుర్తుపట్టి తలూపడం మొదలుపెట్టింది.

అన్నిటికంటే ముందు బ్రెడ్ గురించి చెప్పాలి. టిమ్ హార్ట్ 2008లో ఇంకొకరితో కలిసి ఎక్స్‌టన్ ఊళ్లో హాంబుల్టన్ బేకరీ పెట్టాడు. పిండిని రాత్రంతా పులియబెట్టి చేస్తారు. పైపెచ్చు నల్లగా కాలి, విరిస్తే చిటపటమంటుంది. లోపల మెత్తగా, జిగురుగా, కొంచెం పులుపు. నాయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "మన జొన్నరొట్టె మాడినచోట ఉంటుందే, ఆ వాసన" అన్నాడు. ఇంకో ముక్క అడిగి తెప్పించుకున్నాడు. తర్వాత ఆయనకి గొర్రెమాంసం, నాకు చేప. అమ్మకి పుట్టగొడుగులతో చేసిన పళ్లెం వచ్చింది. మా ముగ్గురి పళ్లేల్లో అదే బాగుంది. చివర్లో నాకొచ్చిన తీపి, పాషన్ ఫ్రూట్ సూఫ్లే, పొంగి గిన్నె అంచు దాటి నిలబడింది. అందులో ఉన్నదంతా గుడ్డే, కాబట్టి అమ్మకి పండ్ల రసంతో చేసిన ఐసు, సోర్బే, తెచ్చారు. నాయనకి కారం చాలలేదు. ఆ సంగతి రైల్లో చెప్పాడు, అక్కడ చెప్పలేదు.

ఖర్చుకి తగ్గదేనా అంటే, ఏడాదికో రెండేళ్లకో ఒక పెద్ద రోజుకి అవునంటాను. గదిలో రాత్రి ఉండటం మా స్తోమతకి మించింది, అందుకని ఓకమ్‌లో ఒక చిన్న బసలో దిగాం. అక్కడే ఇబ్బంది పడ్డాం. అమ్మ మోకాళ్ల సంగతి ముందే రాసినా, మూడో అంతస్తులో, నిచ్చెనలాంటి మెట్ల పైన గది ఇచ్చారు. నాయన అమ్మ చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించాల్సి వచ్చింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు కింది గది అని రాతపూర్వకంగా జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. తిరుగు టాక్సీ కూడా భోజనానికి వెళ్లేటప్పుడే మాట్లాడుకోండి. మేము అలా చేయక నలభై నిమిషాలు ఆగాం.

మర్నాడు ఉదయం ఓకమ్ కోట హాలు చూశాం, ప్రవేశం ఉచితం. గోడల నిండా రెండు వందలకి పైగా గుర్రపు నాడాలు. ఈ ఊరికి మొదటిసారి వచ్చిన, బిరుదున్న ప్రతి ప్రభువూ ఒకటి ఇవ్వాలని ఆచారం. అన్నీ బోర్లా వేలాడదీశారు. మన గడపకి కొట్టిన నాడా ఎటు తిప్పి ఉందో అని అమ్మ, నాయన కాసేపు వాదించుకున్నారు.

చివరికి అదే సరస్సు ఒడ్డున ఉన్న నార్మంటన్ చర్చికి వెళ్లాం. లోయ నిండేటప్పుడు ఇది కూడా సగం మునగాల్సింది. నేలని రాళ్లతో నింపి, పైకి లేపి, ఒడ్డు నుంచి దారి వేసి నిలబెట్టారు. ఇప్పుడది నీళ్ల అంచున ఒంటరిగా ఉంది. నాయన దాన్ని చూడగానే సంగమేశ్వరం గుడి అన్నాడు. ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్లలో ఉండి, ఎండాకాలం బయటపడే గుడి, వేపమొద్దు లింగం ఉన్న గుడి. గుడి తేలినప్పుడల్లా వాళ్ల ఊరి జనం అక్కడ కలుస్తారు.

"వీళ్ల ఊరోళ్లు కూడా ఇక్కడికొస్తారా పాపా?" అని అడిగాడు. తెలియదు నాయనా అన్నాను. ఆయన చెప్పులు విప్పి, ఆ రాళ్ల దారి చివరిదాకా నడిచి వెళ్లాడు.