“ఇంకా ఉందా అన్నా?”: సెకండ్ హ్యాండ్ యాడ్స్‌తో చాలా ఏళ్ల సావాసం

నేను వాడే క్లాసిఫైడ్స్ యాప్ పేరు చెప్పను. చెప్పినా పెద్ద ఉపయోగం లేదు. ఇలాంటివి కొన్ని వాడాను, పైన రంగులు వేరు గానీ లోపల తంతు ఒకటే. ల్యాప్‌టాప్, ఫ్రిజ్, ఫోన్లు, ప్రింటర్, రాసుకునే బల్ల, ఇలా ఇంట్లో సగం సామాను వీటి పుణ్యమే. అయినా రేటింగ్ ఇమ్మంటే ఐదుకి రెండు దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. మోసాల వల్ల కాదు. మోసానికి ఒక పద్ధతుంటుంది, అది తెలిస్తే తప్పించుకోవచ్చు. మామూలు మనుషుల నిర్లక్ష్యానికి మాత్రం మందు లేదు.

చాటింగ్ ఎలా నడుస్తుందో వాడినవాళ్లకి తెలుసు. “ఇంకా ఉందా అన్నా?” అని అడుగుతాం. “ఉంది” అని వెంటనే వస్తుంది. “మోడల్ నంబరు చెప్తారా? బిల్లు ఉందా?” అంటే చదివినట్టు టిక్కులు పడతాయి, జవాబు రాదు. రాత్రెప్పుడో “లాస్ట్ ఎంతకి తీసుకుంటారు?” అని ఒక మెసేజ్. వస్తువు చూడలేదు, మోడల్ తెలీదు, నేను రేటు ఖాయం చేయాలట! సరే, రేపు వచ్చి చూస్తానంటే “రండి బ్రో” అంటారు. తీరా దారిలో ఉండగా “సారీ బ్రో, ఇందాకే ఒకాయన పట్టుకెళ్లిపోయాడు.” ముందు వచ్చినవాడికి ఇచ్చేయడం తప్పని అనను, అది వాళ్ల వస్తువు. కానీ ఆ మాట నేను బయల్దేరకముందు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? పైగా ఆ యాడ్ వారాల తరబడి అక్కడే ఉంటుంది. అమ్మినాయనకి దాన్ని తీసే అవసరం లేదు, యాప్‌కి తీయించే తొందర లేదు. యాడ్స్ ఎక్కువ కనిపిస్తేనే కదా సరుకు దండిగా ఉన్నట్టు అనిపించేది.

ఇక యాడ్‌లో రాసేది చూడాలి. “కండిషన్ సూపర్, సింగిల్ హ్యాండ్, అర్జంట్ సేల్.” అంతే. ఫొటో కంపెనీ వెబ్‌సైట్‌లోది. ఒకవేళ సొంతంగా తీసినా మూడు మూలలు కనిపిస్తాయి, నాలుగోది కనపడదు. ఆ నాలుగో మూల చూపించమని అడగడం నాకు అలవాటైపోయింది, దెబ్బ ఎప్పుడూ అక్కడే ఉంటుంది. ఇంకోటి, “ఇల్లు మారుతున్నాం, అందుకే అమ్మేస్తున్నాం” అని రాసిన ఫ్రిజ్ కింద ఉన్న టైల్స్ గమనించండి. అవే టైల్స్ మీద వేరే పేరుతో ఇంకో ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కనిపిస్తే అది ఇల్లు కాదు, గోడౌన్. వ్యాపారం చేసుకోవడంలో తప్పేమీ లేదు, ఆ సంగతి చెప్పి చేసుకోవచ్చు.

ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్లినప్పటి సంగతి కొంచెం వివరంగా చెప్తాను. యాడ్‌లో “బ్యాటరీ నాలుగు గంటలు వస్తుంది” అని ఉంది. వెళ్లేసరికి బల్ల మీద చార్జర్ తగిలించి ఉంది. తీసి చూడొచ్చా అంటే “ఇప్పుడే పెట్టానన్నా, ఉండనీండి” అన్నాడు. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ (powercfg) అనే కమాండ్ ఉంది, దాంతో బ్యాటరీ రిపోర్ట్ బయటికి వస్తుంది. తీశాను. తయారైనప్పుడు 48,000 మిల్లీవాట్ అవర్స్ (కరెంటు నిల్వ కొలత) పట్టే బ్యాటరీ, ఇప్పుడు నిండా ఎక్కించినా 19,000 చిల్లర. ఆ రెండు అంకెలు చూపిస్తే ఆయన కాసేపు స్క్రీన్ వంకే చూసి, “ఇవన్నీ ఎవరు చూస్తారన్నా, ఆన్ అవుతోంది కదా!” అన్నాడు. నిజానికి ఆయన అబద్ధమాడలేదు. కొన్న కొత్తలో నాలుగు గంటలు వచ్చేది, అదే రాశాడు. చాలామంది యాడ్‌లో రాసేది తాము కొన్నప్పటి వస్తువు గురించే, ఇప్పుడు అమ్ముతున్న దాని గురించి కాదు. కొత్త బ్యాటరీ ఖర్చు తగ్గించి ఇమ్మన్నాను, కొంత గునిసి ఒప్పుకున్నాడు. ఆ ల్యాప్‌టాప్ మీదే ఇది టైప్ చేస్తున్నాను. హార్డ్ డిస్క్ సంగతి కూడా ఇంతే. ఎన్ని గంటలు తిరిగిందో దాని స్మార్ట్ డేటాలో, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే చిట్టాలో, ఉంటుంది, ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాములు చూపించేస్తాయి. “పెద్దగా వాడలేదు” అన్న మాటకి అదే సాక్ష్యం.

ఫోన్ల విషయంలో ఇంకా జాగ్రత్త. “ఫ్యాక్టరీ రీసెట్ చేసి పెట్టాను బ్రో” అంటే మనకేదో సాయం చేసినట్టు ఉంటుంది. ఐఫోన్లలో 2013 నుంచి యాక్టివేషన్ లాక్ (ఫోన్‌ని ఓనర్ అకౌంట్‌కి కట్టేసే తాళం) ఉంది, ఆండ్రాయిడ్‌లో 5.1 వెర్షన్‌తో ఇలాంటి రక్షణే వచ్చింది. పాత ఓనర్ తన అకౌంట్ తీసేయకుండా, సెట్టింగ్స్‌లోంచి కాక రికవరీ మోడ్‌లోంచి రీసెట్ చేస్తే, ఫోన్ ఇంటికొచ్చాక ఆ పాత అకౌంట్ పాస్‌వర్డే అడుగుతుంది. అప్పుడు ఆయన ఫోన్ ఎత్తడు. కాబట్టి అకౌంట్ తీసేయడం, రీసెట్ చేయడం రెండూ మన కళ్ల ముందే జరగాలి. మన సిమ్ వేసి కాల్ చేసి చూసుకోవాలి. *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు), బాక్సు మీద ఉన్నది ఒకటేనా చూడాలి. బాక్సు పోయిందంటే నేను బిల్లు అడుగుతాను, అదీ లేదంటే దండం పెట్టి వచ్చేస్తాను.

ఫ్రిజ్ అయితే ముందే ఫోన్ చేసి, నేను వచ్చేసరికి కొన్ని గంటలు నడుస్తూ ఉండాలని చెప్తాను. ప్లగ్ పీకి ఉంచి “అంతా బాగానే ఉంది” అనే మాటకి విలువ లేదు. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగితే తేలిగ్గా జారి వస్తోందా, గ్యాస్కెట్ (తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ) పోయినట్టే. బండిలో పడుకోబెట్టి తెస్తే కంప్రెసర్‌లోని నూనె పైపుల్లోకి వెళ్తుంది, ఇంట్లో నిలబెట్టి కొన్ని గంటలాగి ఆన్ చేయాలి. ఈ మాట నాకు ఫ్రిజ్ అమ్మిన ఏ ఒక్కరూ చెప్పలేదు.

వాహనాలు నేను కొనలేదు, స్నేహితులతో వెళ్లి చూశాను. టైరు పక్క గోడ మీద ఉండే నాలుగంకెలు చదవడం అక్కడే నేర్చుకున్నా. ఒక బండి టైరు మీద 2319 అని ఉంది, అంటే అది 2019లో 23వ వారం తయారైంది. బండి చూస్తే అంతకు చాలా ఏళ్ల ముందుది, మీటరు చూస్తే అసలు తిరగనట్టే ఉంది. మరి టైర్లు ఎందుకు మార్చాల్సి వచ్చింది? అడిగితే అమ్మే ఆయన మాట మార్చేశాడు.

అడ్వాన్స్ అడిగేవాళ్ల గురించి ఒక్క మాట. వస్తువు చూడకముందు టోకెన్ డబ్బులు వేయమంటే చాట్ మూసేయడమే. మన వస్తువు కొంటామని వచ్చి, డబ్బు పంపుతున్నాం, కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు చూడండి, వాళ్లకీ అదే జవాబు. డబ్బు తీసుకోవడానికి పిన్‌తో పనేమీ లేదు.

ఇంత తలనొప్పి ఎందుకంటే, వస్తువు గుట్టు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు. జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లోనే పాత కార్ల బజారును ఉదాహరణగా పెట్టి ఈ చిక్కును విప్పి చూపించారు, 2001లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ కూడా అందుకున్నారు. మంచిదో చెడ్డదో తేలనప్పుడు కొనేవాడు రెంటికీ మధ్యరకం రేటే ఇస్తాడు. ఆ రేటు మంచి వస్తువున్నవాడికి గిట్టుబాటు కాదు, పక్కకి తప్పుకుంటాడు. చివరికి బజారులో మిగిలేది నాసిరకమే. నేను కూడా ఈ పాపంలో భాగస్తుడినే. ఎంత చెప్పినా సగానికే అడుగుతాను కదా.

అందుకే ఆ ప్రింటర్ యాడ్ ఇప్పటికీ గుర్తుంది. “స్కానర్ పనిచేయదు. ప్రింట్ బాగా వస్తుంది. నల్ల ఇంకు సగం ఉంది. ఎడమ పక్క మూత విరిగింది, నాలుగో ఫొటో చూడండి.” వెళ్లాను, ఆయన రాసింది రాసినట్టే ఉంది. బేరమాడలేదు, అడిగినంతా ఇచ్చి తెచ్చుకున్నాను. ఆయనే కాస్త ఆశ్చర్యపోయాడు.

యాప్ వాళ్లు తలుచుకుంటే ఇలాంటి యాడ్స్ పెరుగుతాయి. మోడల్ నంబరు, కొన్న సంవత్సరం, తెలిసిన లోపాలు అనే మూడు గడులు నింపందే యాడ్ ఎక్కకూడదని పెడితే చాలు. అమ్మకందారు జవాబివ్వకుండా వారం దాటితే యాడ్ దానంతటదే దిగిపోవాలి. ఇప్పుడు వాళ్లు చేస్తున్నదల్లా డబ్బు కట్టినవాళ్ల యాడ్‌ని పైకి ఎక్కించడం, రిపోర్ట్ కొడితే “మీ ఫిర్యాదు అందింది” అని ఒక మెసేజ్ పంపడం. కిందటిసారి రిపోర్ట్ కొట్టిన యాడ్ మర్నాటికల్లా “ఫీచర్డ్” అని పసుపు పట్టీ వేసుకుని మొదటి వరసలో కూర్చుంది.