ఏడురోడ్ల దగ్గర పాత పుస్తకాల అంగడి: ‘ఊరక రారు’ మిగతా సగం దొరికింది

కడపలో ఏడురోడ్ల కూడలికి దగ్గర, ఒక సందులో ఉంది ఈ అంగడి. బోర్డు లేదు. సామెతలు, శతకాలు, పురాణాలు ఒక గోడంతా ఉంటాయి. నేను పోయింది మాత్రం ఒకే ఒక్క మాట కోసం.

ఇంటికి ఎవరొచ్చినా మా మామ "ఊరక రారు మహానుభావులు" అనేవారు. పదేళ్ల కిందట మా తమ్ముడు పాప ఫీజుకు డబ్బు సర్దమని అడగడానికి వస్తే వాకిట్లోనే ఆ మాట అన్నారు. వాడు ఎగతాళి అనుకుని మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. మామ పోయి మూడేళ్లయినా నాకు ఆ బాధ పోలేదు.

అంగడి పెద్దాయనకు ఈ మాట చెప్పాను. "అది సామెత కాదమ్మా, పోతన పద్యం" అంటూ నిచ్చెనెక్కి భాగవతం దశమ స్కంధం దించారు. గర్గ మహాముని నందుడి ఇంటికొచ్చే చోట తెరిచారు. అక్కడ "ఊరక రారు మహాత్ములు" అని ఉంది. ఇది కందం, మొదటి పాదానికి మూడు గణాలే, ‘మహానుభావులు’ అంటే పట్టదని వేళ్ల మీద లెక్కపెట్టి చూపించారు. జనం నోట్లో పడి మారిందన్నమాట. తర్వాత చివరి పాదం కింద వేలు పెట్టారు: "నీ రాక శుభంబు మాకు నిజము మహాత్మా". పిల్లలకు పేర్లు పెట్టడానికి వచ్చిన మునికి నందుడు చెప్పే స్వాగతం అది. ‘ఏదో పని పడితేనే వచ్చావులే’ అనే పోటు అందులో ఎక్కడా లేదు. మామ మొదటి ముక్క అని ఆగిపోయేవారు. పోతన మన ఒంటిమిట్టవాడని నమ్మి ఏటా శ్రీరామనవమికి అక్కడికి పోయొచ్చే మనిషికి మిగతా పద్యం తెలియకుండా ఉంటుందా?

భాగవతం పాత ప్రతి 400 రూపాయలు, కాగితం గట్టిగానే ఉంది. కెప్టెన్ కార్ 1868లో మద్రాసులో అచ్చేయించిన తెలుగు సామెతల పుస్తకం జిరాక్సు కూడా తీసుకున్నాను. అందులో ఎనిమిది పేజీలు తలకిందులుగా కుట్టారు. మార్చి ఇవ్వమంటే ఇవ్వలేదు, 50 రూపాయలు తగ్గించారంతే. అది నాకు నచ్చలేదు. కొనేముందు పేజీలన్నీ తిప్పి చూసుకోండి. తన దగ్గర లేని పుస్తకమైతే, బ్రౌన్ దొర బంగళా ఉన్న చోట కట్టిన గ్రంథాలయానికి పోయి చూడమని ఆయనే చెప్తారు.

ఆ పేజీ ఫోటో తీసి తమ్ముడికి పంపాను. రాత్రి ఫోన్ చేసి చివరి పాదం నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.