టెక్సస్‌లో పంది వేటకు డబ్బు కడుతున్నారా? ముసలి మగదాన్ని అంటగడతారు, జాగ్రత్త

డాలస్, ఆస్టిన్ వైపు మనవాళ్లు ఈ మధ్య వీకెండ్‌లో అడవిపంది వేటకని రాంచ్‌లకు వెళ్తున్నారు. ఫొటోల కోసమైతే మీ ఇష్టం. నాలాగా కూర మీద ఆశతో వెళ్లేవాళ్లు మాత్రం డబ్బు కట్టేముందు ఇది చదవండి.

పోయిన మే నెలలో నలుగురం వెళ్లాం. తలా 300 డాలర్లు. రాత్రి పందుల్ని రప్పించడానికి మొక్కజొన్న చల్లే ఫీడర్ ఎదురుగా మంచె మీద కూర్చోబెట్టారు. ముందు ఒక గుంపు వచ్చింది. ఆడపందులు, సగం ఎదిగిన పిల్లలు. నేను తుపాకీ ఎత్తితే గైడ్ చెయ్యి పట్టుకుని, ఆగమన్నాడు, పెద్దది వస్తుందన్నాడు. వచ్చింది. ఒంటరిగా, కోరలు బయటికి పొడుచుకొచ్చి, భుజాలు ఇంత లావున. కొట్టాం. తూకం వేస్తే 260 పౌండ్లు. 200 దాటితే ట్రోఫీ ఫీజు ఇంకో 150 డాలర్లని అప్పుడు చెప్పాడు! బిల్లులో లైసెన్స్ పేరుతో మరో 40. ప్రైవేట్ భూమిలో యజమాని అనుమతి ఉంటే అడవిపందికి వేట లైసెన్సే అక్కర్లేదని 2019 సెప్టెంబర్ నుంచి టెక్సస్‌లో చట్టం ఉంది. నాకు ఇంటికొచ్చాక తెలిసింది.

ఫొటోలు దిగుతూ గంటన్నర గడిపాం. ఆ ఉక్కలో పొట్ట కోయకుండా అలా వదిలేయడం మా తప్పే, ఒప్పుకుంటాను. కానీ కూర పాడవడానికి అసలు కారణం అది కాదు.

ఆదివారం అల్లం వెల్లుల్లి, గసగసాలు దట్టించి పొయ్యి మీద పెట్టాను. పది నిమిషాలకి మా ఆవిడ ముక్కు మూసుకుని కిటికీలన్నీ తెరిచింది. ఉచ్చకంపు అంది. నాకేమో ఏ వాసనా లేదు. ఇద్దరం కాసేపు గొడవపడ్డాం. చదివితే తెలిసింది, ఎదిగిన మగపందుల కొవ్వులో ఆండ్రోస్టెనోన్, స్కటోల్ అనేవి చేరతాయట. మొదటిదాని వాసన కొందరి ముక్కుకి అసలు అందదు. "మాంసం బ్రహ్మాండం" అన్న ఆ గైడ్ అబద్ధమే ఆడాడో, వాడి ముక్కూ నాలాంటిదో మరి. భుజాల దగ్గరైతే చర్మం కింద అట్టలా గట్టి పొర, కత్తి దిగలేదు.

అందుకని ముందే ఫోన్ చేసి అడగండి. కూర కోసం వస్తున్నాం, గుంపులో 60 నుంచి 100 పౌండ్ల మధ్య దాన్ని మేమే ఎంచుకోవచ్చా? బరువు పెరిగితే ఫీజు పెరుగుతుందా? తోలు తీసి ముక్కలు కొట్టడానికి వేరే డబ్బా? నీళ్లు నమిలితే వదిలేయండి. ఆడదైతే వంద దాటినా ఫర్వాలేదు, చిన్న పిల్లలు వెంట ఉంటే మాత్రం వద్దు. విత్తులు తీసి వదిలిన మగది దొరికితే అదృష్టం, దానికి కంపు ఉండదు, కొవ్వు బాగా పడుతుంది. వెనక నుంచి చూస్తే మగదో కాదో తెలిసిపోతుంది. ఓక్ కాయలు రాలే కాలంలో మేసినవి ఇంకా రుచి.

కోసేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి, వీటి రక్తం నుంచి బ్రూసెల్లోసిస్ అనే జబ్బు అంటుకుంటుంది. కొవ్వు నీలంగా కనిపిస్తే ఆ పందిని ముట్టుకోకండి, అది వార్ఫరిన్ కలిపిన విషపు మేత తిన్నట్టు. ఐస్ బాక్స్‌లో వేశాక కరిగిన నీళ్లు వంపేస్తూ ఉండాలి. వండేటప్పుడు లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరాలి. అన్నిటికన్నా ముందు చిన్న కొవ్వు ముక్క పెరట్లో వేయించి చూడండి. వాసన చూసే పని మీ ఆవిడకి అప్పగించండి.

డబ్బు వాపసు అడిగితే, పంది దొరికింది కదా అన్నారు. ఫ్రీజర్‌లో ముప్పై పౌండ్లు మిగిలింది. మా ఫ్రెండ్ కుక్కకి పెడతానన్నాడు. పచ్చి అడవిపంది మాంసంతో కుక్కలకి సూడోరేబీస్ అనే వైరస్ జబ్బు సోకి చచ్చిపోతాయని తెలిసి ఆపాను. మొత్తం నల్ల సంచుల్లో కట్టి చెత్త బండికి వేశాం.