మందు షాంపూ, పిడుదుల మాత్ర, కొబ్బరి నూనె: కోనసీమ తేమలో మా జూలీ దురదకి ఏది నిలబడింది

ముందే చెప్పేస్తాను. కుక్క దురద కోసం మేం కొన్నవాటిలో సీసా అయిపోగానే ఆలోచించకుండా మళ్లీ తెచ్చుకుంటున్నది ఒక్కటే: రెండు శాతం క్లోర్‌హెక్సిడిన్ (క్రిముల్ని చంపేది), రెండు శాతం మైకోనజోల్ (ఫంగస్‌ని చంపేది) ఉన్న మందు షాంపూ. వాడకం మొదలై రెండేళ్లు పైబడింది. అన్ని కార్తెల్లోనూ చూశాం కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

మాది అమలాపురం దగ్గర పల్లె. జూలీ లాబ్రడార్. ఇంటి వెనక కొబ్బరితోట, తోట దాటితే పంటకాలువ, ఆవలి గట్టున చేపల చెరువులు. అసలే నీళ్లంటే పడిచచ్చే జాతి. ఇలాంటి చోట దాని ఒళ్లు పూర్తిగా ఆరి ఉండేది వేసవిలో కాలువలు కట్టేసిన నాళ్లలోనే. తొలకరి పడిందంటే కాళ్లు నాకడం మొదలయ్యేది. వేళ్ల సందులు ఎర్రబడేవి, చంకల్లో చర్మం నల్లబడి దళసరెక్కేది, చెవుల దగ్గర ముక్కు పెడితే పులిసిన వాసన. రాత్రి సావిట్లో అది గోక్కుంటుంటే గొలుసు చప్పుడుకి ఇంటిల్లిపాదీ లేచి కూర్చునేవాళ్లం.

పశువుల డాక్టరు గారు చంకలో సెల్లోటేపు అంటించి తీసి, రంగేసి, మైక్రోస్కోపు కింద చూశారు. మలసీజియా అనే ఈస్ట్, అంటే కంటికి కనబడని ఒక రకం ఫంగస్, విపరీతంగా ఉందన్నారు. అది ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి మీద కూడా కొద్దో గొప్పో ఉంటుందట. జిడ్డు మీద బతుకుతుంది. అలర్జీ వల్ల చర్మం పాడై, దానికి తడి తోడైతే రెచ్చిపోతుంది. జూలీకి మూలం అలర్జీ, పైన ఈ ఈస్ట్ చేరి దురదని రెట్టింపు చేస్తోందన్నారు. షాంపూ తగ్గించేది పైనున్న ఈ రెండోదాన్నే. ఇది తెలియక కొన్నవాళ్లే "వాడాం, పని చెయ్యలేదు" అంటుంటారు.

మొదట్లో వారానికి రెండు స్నానాలు, మూడు వారాల పాటు. అసలు కష్టం స్నానంలో లేదు, నురగ పట్టించాక పది నిమిషాలు కడగకుండా ఆగడంలో ఉంది. మందు చర్మానికి అంటుకుని ఉండాల్సిన సమయం అది. రెండు నిమిషాలకే బకెట్టు కుమ్మరించేస్తే మందు కాస్తా కాలువలో కలిసినట్టే. తడి కుక్కని పది నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టడం ఎంత పనో పెంచినవాళ్లకే తెలుసు. మాకు దొరికిన ఉపాయం లేత కొబ్బరి ముక్కలు. నూతి చప్టా మీద కూర్చోబెట్టి ఒక్కో ముక్కా ఇస్తూ, ఇంకో చేత్తో వేళ్ల సందుల్లో నురగ రుద్దుతూ ఉంటాను. ఫోన్లో టైమరు మోగేదాకా అంతే. ఒంటికి బురదో జిడ్డో ఉన్న రోజు ముందు మామూలు కుక్కల షాంపూతో ఓసారి కడిగేస్తాం, లేకపోతే మందు షాంపూ సరిగా నురగ రాదు, సీసా మాత్రం ఖాళీ అవుతుంది. నీళ్లు చల్లగానే ఉండాలి, వేడి నీళ్లు పోస్తే దురద ఎక్కువవుతుంది.

ఇంత చేసీ ఒళ్లు ఆరబెట్టకపోతే మన వైపు లాభం లేదు. రాయలసీమలో ఎండకి వదిలేస్తే ఆరిపోతుందేమో గానీ, మన దగ్గర శ్రావణంలో ఉతికిన బట్టలే రెండు రోజులకి ఆరవు. పాత నూలు తువ్వాళ్లు రెండు దీనికే కేటాయించాం. చంకలు, పొట్ట కింద, తోక మొదలు, వేళ్ల సందులు విడివిడిగా అద్దాలి. తర్వాత టేబుల్ ఫ్యాను ముందు పడుకోబెడతాం. కాలువలో దూకి వచ్చిన రోజు కూడా ఇదే వరస: మంచినీళ్లతో కడిగి, తుడిచి, ఫ్యాను. నన్నడిగితే జూలీకి వచ్చిన మార్పులో సగం వాటా తువ్వాలుదే.

ఫలితం సంగతి. వాసన ముందు పోయింది, అదీ మొదటి రెండు మూడు స్నానాల్లోనే. చంకల నలుపు మెల్లిగా వెనక్కి తగ్గింది, బొచ్చు మళ్లీ వచ్చింది. గోక్కోవడం బాగా తగ్గింది. కాళ్లు నాకడం మాత్రం పూర్తిగా మానలేదు. దాళ్వా కోతలప్పుడు గడ్డిమేట్ల మీద పడి దొర్లి వచ్చిందంటే ఆ రాత్రి మళ్లీ మొదలు. ఇప్పుడు వానాకాలంలో వారానికోసారి, మిగతా రోజుల్లో పదిహేను రోజులకోసారి పోస్తున్నాం.

చికాకులూ ఉన్నాయి. వాడగా వాడగా బొచ్చు పొడిబారింది, మెరుపు తగ్గింది. ఆసుపత్రి వాసన ఇంట్లో ఒక పూట ఉంటుంది. పెద్ద కుక్క కాబట్టి చిన్న సీసా ఇట్టే అయిపోతుంది. మా పిన్ని అయితే "ఒరేయ్, ఈ సీసా డబ్బులు పెడితే ఇంట్లో అందరి తలలకీ నూనె వచ్చేదిరా" అంటూనే ఉంటుంది. పులస కోసం అప్పు చేసే ఊళ్లో ఈ మాట వినాల్సి రావడం విచిత్రమే. ఇంకో జాగ్రత్త: క్లోర్‌హెక్సిడిన్ కళ్లలో పడకూడదు, చెవి లోపలికి పోకూడదు. కర్ణభేరికి చిల్లు ఉంటే లోపలి చెవికి ప్రమాదం. చెవికి డాక్టరు రాసిన చుక్కలే.

కొబ్బరి నూనె గురించి రాయకపోతే మా ఊరివాళ్లు ఒప్పుకోరు. అంబాజీపేట పక్కన ఉండి నూనె వద్దంటే ఎలా? పగిలిన ముక్కుకీ, మోచేతి కాయలకీ కాస్త రాస్తే బాగానే ఉంటుంది. ఈస్ట్ ఉన్న చంకల్లో, వేళ్ల మధ్య మాత్రం వద్దు. అసలే జిడ్డు, పైన నూనె, దాని మీద తోటలోని దుమ్ము. పైగా రాసింది రాసినట్టు నాకేసి విరేచనాలు పెట్టుకుంటుంది. గజ్జికి కాలిన ఇంజనాయిలు పూసేవాళ్లు ఇంకా ఉన్నారు. అది నాకితే విషమే, దయచేసి ఆ పని చెయ్యకండి.

ఇక పిడుదుల మాత్ర. మేం వేస్తున్నది అఫోక్సోలానర్, నెక్స్‌గార్డ్ పేరుతో దొరుకుతుంది, నెలకొకటి, బరువుని బట్టి. ఇదే జాతి మందు ఫ్లురలానర్ ఒకసారి వేస్తే పన్నెండు వారాలు పనిచేస్తుంది. పిడుదులు కరిచాకే చస్తాయి కాబట్టి ఒంటి మీద ఒకటీ అరా కనబడితే మాత్ర దండగైందని అనుకోనక్కర్లేదు. పైగా మా సావిడి పాతది, కుక్క పిడుదులు గోడ పగుళ్లలోనే గుడ్లు పెడతాయి. పగుళ్లకి సిమెంటు పూయించాక వాటి బెడద నిజంగా తగ్గింది. ఎలర్జీ ఉన్న కుక్కకి గెంతే పేలు ఒకటి రెండు కుట్టినా తోక మొదలంతా కొరుక్కుంటుంది, అందుకే ఏడాది పొడుగునా ఆపకుండా వేస్తాం. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్న కుక్కైతే ముందు డాక్టరుకి చెప్పి తీరాలి. ఈ జాతి మందులతో వణుకు, మూర్ఛ వచ్చే అవకాశం ఉందని అమెరికా ఔషధ సంస్థ 2018లో హెచ్చరించింది. మా దానికి ఏమీ కాలేదు. ఇంట్లో పిల్లి కూడా ఉంది కాబట్టి పెర్మెత్రిన్ ఉన్న పొడులు, చుక్కలు గడప తొక్కనివ్వం, పిల్లికి అది విషం.

దురద మరీ మితిమీరిన నెలల్లో ఆక్లాసిటినిబ్ మాత్రలు రాశారు. మొదటి పద్నాలుగు రోజుల వరకు రోజుకి రెండు పూటలా, తర్వాత ఒక పూట. వేసిన రోజే తేడా తెలిసింది. ఖరీదు మాత్రం చేతికి తగులుతుంది, ఏడాది నిండని పిల్లలకి ఇవ్వరు. అంతకుముందు వాడిన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ చవకే గానీ, ఆ రోజుల్లో జూలీ బిందెడు నీళ్లు తాగి సావిడంతా తడిపేది, ఎంత పెట్టినా ఇంకా ఇంకా అని కంచం గీకేది. దాన్ని మనంతట మనం ఒక్కసారిగా ఆపెయ్యకూడదు కూడా.

తిండి మార్చి కూడా చూశాం. కోడి తోలు, అన్నం మానేసి, అదివరకు ఎప్పుడూ తినని బాతు మాంసం, చిలగడదుంప మాత్రమే, ఎనిమిది వారాలు. బాతులు మన చేలల్లోనే దొరుకుతాయి కాబట్టి ఇబ్బంది పడలేదు. జూలీలో ఏ తేడా లేదు, మళ్లీ కోడికే వచ్చేశాం.

కొనేవాళ్లు సీసా ముందువైపు కుక్క బొమ్మ చూడకండి, వెనక్కి తిప్పి రెండు మందుల శాతాలు చదవండి. వేప, కలబంద అని పెద్దక్షరాల్లో రాసినవాటిలో చాలావరకు ఈ మందులు ఉండవు. చెవి అంచులూ మోచేతులూ బొచ్చు రాలి పొక్కులు కడుతున్నా, ఇంట్లో మనుషులకీ దద్దుర్లు మొదలైనా అది పురుగు గజ్జి కావచ్చు. అప్పుడు షాంపూ కొనడం పక్కనపెట్టి చర్మం గీకి పరీక్ష చేసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.