యూనిట్ 731 వైద్యులు: అభయమా, విచారణా? ఏది మేలు?

యుద్ధకాలంలో మనుషులపై జరిగిన ప్రయోగాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాఠకులు అడిగే ప్రశ్న ఒకటుంది: "పోయినవాళ్లు ఎలాగూ తిరిగిరారు. కనీసం ఆ సమాచారమైనా దక్కుతుందంటే, చేసినవాళ్లను వదిలేస్తే తప్పేమిటి?" దీన్ని ఊహల్లో తేల్చనక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఒకే కాలంలో అమెరికా రెండు దారుల్లోనూ నడిచింది.

నాజీ వైద్యులను జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో బోనెక్కించింది. 1946 డిసెంబరు నుంచి 1947 ఆగస్టు దాకా సాగిన ఆ విచారణలో 23 మందిలో 16 మందిపై నేరం రుజువైంది, ఏడుగురికి ఉరి పడింది. చైనాలో హార్బిన్ శివారులోని పింగ్‌ఫాంగ్‌లో ఖైదీలకు ప్లేగు, ఆంత్రాక్స్ ఎక్కించి, బతికుండగానే కోసి చూసిన షిరో ఇషీ బృందానికి, అంటే జపాన్ సైన్యపు క్రిమియుద్ధ విభాగమైన యూనిట్ 731కి, మాత్రం ఆ ప్రయోగాల సమాచారానికి బదులుగా విచారణ ఉండదని అభయమిచ్చింది. పింగ్‌ఫాంగ్‌లో చనిపోయినవారు కనీసం 3,000 మంది అని అంచనా.

అభయం ఇవ్వాలన్నవారి వాదనలో ఒక భాగానికి బలముంది. బహిరంగ విచారణ జరిగితే క్రిమియుద్ధ రహస్యాలు సోవియట్ చేతికి చిక్కేవి; వాళ్లు కూడా ఇషీని ప్రశ్నించనివ్వమని అడుగుతూనే ఉన్నారు. కానీ ఇషీ 1946లో మనుషులపై ప్రయోగాలే జరగలేదని బుకాయించాడు. అలాంటివాడి మాట మీద నమ్మకముంచి కుదుర్చుకున్న బేరమిది. 1947 డిసెంబరులో అమెరికా సైన్యపు క్రిమియుద్ధ పరిశోధన కేంద్రం క్యాంప్ డెట్రిక్ శాస్త్రవేత్త ఎడ్విన్ హిల్ తన నివేదికలో, ఈ సమాచారానికి తమకైన ఖర్చు 2,50,000 యెన్లేనని, మనుషులపై ప్రయోగాలకు ధర్మసంకోచం అడ్డు కనుక తమ ప్రయోగశాలల్లో ఇది దొరికేది కాదని రాశాడు. న్యూరెంబర్గ్ తీర్పు వచ్చి అప్పటికి నాలుగు నెలలే. ఆ వాక్యాలు ఎన్నిసార్లు చదివినా నాకు కడుపు రగిలిపోతుంది.

అయినా నా లెక్కలో తూకం తేల్చేది శిక్ష తప్పిపోవడం కూడా కాదు, అభయాన్ని అంటిపెట్టుకుని వచ్చే గోప్యత. రహస్యంగా అభయమిచ్చిన ప్రభుత్వం ఆ తర్వాత నేరాన్ని కూడా కప్పిపుచ్చాల్సిందే. 1949 డిసెంబరులో సోవియట్ యూనియన్ ఖబరోవ్స్క్‌లో 12 మందిని విచారించి ఈ సంగతులు బయటపెడితే అమెరికా వాటిని ప్రచారమని కొట్టిపారేసింది. మంచుకాటు ప్రయోగాలు చేసిన హిసాతో యోషిమురా తర్వాత క్యోటోలో ఒక వైద్య విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. చైనా బాధితుల వ్యాజ్యంలో క్రిమియుద్ధం నిజమేనని టోక్యో జిల్లా కోర్టు ఒప్పుకునేసరికి 2002 వచ్చింది. అప్పుడు కూడా పరిహారం నిరాకరించింది. యూనిట్‌లో పనిచేసిన 3,607 మంది పేర్ల జాబితాను జపాన్ జాతీయ అభిలేఖాగారం ఇచ్చింది 2018లో. తమ తండ్రిని, తాతను ఎవరు ఏం చేశారో బాధితుల కుటుంబాలు తెలుసుకునే హక్కును కూడా ఆ బేరం అమ్మేసింది.

న్యూరెంబర్గ్ మచ్చలేనిదని అనను. అక్కడ నిర్దోషిగా బయటపడిన కుర్ట్ బ్లోమేను తర్వాత అమెరికాయే పనిలో పెట్టుకుంది. కానీ అక్కడ డాకావ్ నాజీ నిర్బంధ శిబిరంలో జరిగిన ప్రయోగాల పత్రాలు అందరి ముందూ పరిచారు, బతికి బయటపడ్డవారు సాక్ష్యం చెప్పారు. ప్రయోగానికి లోనయ్యే మనిషి స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అన్న నియమం ఆ తీర్పులోనే ఉంది. ఈనాడు మందుల పరీక్షలకు ముందు తీసుకునే సమ్మతి సంతకానికి ఉన్న వేళ్లలో ఒకటి అది. విచారణలో కూడా సమాచారం వచ్చింది, అదీ అందరికీ వచ్చింది. నా ఓటు విచారణకే.

ఖబరోవ్స్క్ దారి గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు: శిక్షలు 2 నుంచి 25 ఏళ్లు, 1956 కల్లా మిగిలినవారు జపాన్ చేరారు. దక్షిణాఫ్రికా తరహాలో నిజం ఒప్పుకుంటే క్షమించడం మూడో మార్గం. కానీ అక్కడి వర్ణవివక్ష ప్రభుత్వపు రసాయన, జీవాయుధ కార్యక్రమాన్ని నడిపిన వూటర్ బాసన్ అసలు క్షమాభిక్షకు దరఖాస్తే చేయలేదు. 2002లో కోర్టు అతన్ని నిర్దోషిగా వదిలేసింది.

అభయం తప్పనిసరయ్యే పరిస్థితే వస్తే నేను అడిగేవి మూడు: నేరాన్ని బహిరంగంగా ఒప్పుకోవాలి, బాధితుల పేర్లు వారి కుటుంబాలకు అందాలి, ఆ వైద్యుడు మళ్లీ రోగిని ముట్టుకోకూడదు. ఇషీ బృందానికి వీటిలో ఒక్కటీ షరతుగా పెట్టలేదు.